స్కోప్ లెన్సుకు నాచారం రింగు

మిల్లీమీటరులో నూరో వంతు తేడాను నేను గోటితో తడిమి చెప్పగలను. నా నడుము కొలత మాత్రం దర్జీ టేపు పెట్టి చూపించినా ఒప్పుకోను. టేపు సాగిందంటాను. ఉప్పల్‌లో ముగ్గురు దర్జీలను మార్చాను. ముగ్గురి టేపులూ సాగినవే.

నా పేరు నర్సింగ్. నాచారం ఫ్యాక్టరీల మధ్య, ఇనుమును తిప్పుతూ చెక్కే లేత్ మెషిన్ మీద పనిచేసి, మోకాళ్ళు ఇక చాలన్నాక ఇంట్లో కూర్చున్నాను. ఏడో తరగతిలో లెక్కల సారు నాకు భిన్నాలు ఈ జన్మకు రావని తేల్చేశాడు. పెద్దమనిషి మాట కాదనడం ఇష్టంలేక బడి మానేశాను. ఆ తర్వాత బతుకంతా దశాంశాలతోనే గడిచింది. అవి ఆయన చెప్పలేదు కాబట్టి వచ్చాయి.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగిందో, ఏ ఓనరు ఏ పండక్కి ఏం పెట్టాడో రాయను. అవి చదివితే నాకే నిద్ర వస్తుంది. రెండు పనుల గురించి చెబుతాను. ఒకటి పనిలో చేరిన కొత్తలో చేసిన పిండిగిర్ని బుష్షు. రెండోది నా షెడ్డు మూసేయడానికి కొంచెం ముందు చేసిన ఒక రింగు. ఆ రింగు మీద ఒక అమ్మాయికి రావలసిన మొదటి సినిమా ఆగి ఉండింది. రెండింట్లోనూ చేసిన తప్పు ఒకటే. మధ్యలో నేను ముసలివాణ్ణయ్యాను గానీ తప్పుకు మాత్రం ఒక్క వెంట్రుకా నెరవలేదు.

అరిగిన బుష్షు

నాకు పని నేర్పింది ఖాదర్ ఉస్తాద్. మనిషి బక్కగా ఉండేవాడు, గొంతు మాత్రం మెషిన్ల చప్పుడు మీంచి రోడ్డు దాకా వినబడేది. తిట్టేటప్పుడు అరిచేవాడు. మెచ్చుకునేటప్పుడు గొణిగేవాడు. అందుకని నన్ను ఎన్నిసార్లు మెచ్చుకున్నాడో నాకు తెలియదు.

ఒకరోజు ఉప్పల్‌లో పిండిగిర్ని నడిపే ఒకావిడ వచ్చింది. చేతిలో ఇత్తడి బుష్షు. బుష్షు అంటే తిరిగే ఇరుసును చుట్టూ పట్టుకుని ఉండే గొట్టం ముక్క. "గిట్లాంటిదే ఒకటి కొత్తది జెయ్యి" అని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఉస్తాద్ నమాజుకు వెళ్ళాడు. నేను కొలిచాను. లోపలి రంధ్రం ఎంతుందో అంత, పొడుగు ఎంతుందో అంత, వెంట్రుకవాసి తేడా లేకుండా చేశాను. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని మురిసిపోయాను.

మర్నాడు ఆమె నెత్తి నుంచి కాళ్ళ దాకా పిండితో వచ్చింది.

"ఎవడు జేసిండు ఇది? నీ బుష్షేసినంక నా గిర్ని బతుకమ్మ ఆడుతున్నది! జనాలు పిండి కోసం గాదు, ఆట సూసేటందుకు వస్తున్నరు."

ఉస్తాద్ రెండు బుష్షులూ చేతిలోకి తీసుకున్నాడు. లోపల వేలు పెట్టి తిప్పాడు. అరవలేదు. అప్పుడే నాకు భయమేసింది.

"మస్తు జేసినవ్ బేటా" అన్నాడు. "అరిగిన బుష్షు అరిగినట్టే జేసినవ్. పాతది ఏదో కొత్తది ఏదో దీన్ని కన్న తల్లి గూడ చెప్పలేదు."

"సాంపిల్ ఎట్లుంటే గట్లనే చేసిన ఉస్తాద్."

"సాంపిల్ తెచ్చింది. మెషిన్ తెచ్చిందా? తేలె. మరి నువ్వన్న పోవాలె గద మెషిన్ కాడికి. సాంపిల్ ఏం జెప్తది? నేను గిట్ల అరిగిన అని జెప్తది. ఎట్లుండాల్నో మెషినే జెప్తది. పో, ఇరుసు కొలుచుకొని రా."

ఉప్పల్ వెళ్ళి, గిర్ని ఆపించి, ఇరుసు కొలుచుకుని వచ్చాను. ఇంటికి పోతే మా అమ్మ నన్ను చూసి, నీళ్ళు కలిపితే రొట్టెలకు సరిపోతావు అంది.

నాచారం పద్ధతి

పిల్లలూ, కాలేజీలో మీకు కాగితం మీద బొమ్మ గీసి, కొలతలు రాసి, దాన్నిబట్టి చెయ్యమంటారు. మంచిదే. నాచారం షెడ్లలోకి వచ్చే పని ఎక్కువగా అలా రాదు. ఒక చేతిసంచిలోంచి నూనె ఓడుతున్న ముక్క ఒకటి బయటికి వస్తుంది. "సేమ్ గిట్లనే" అంటారు. ఆ ముక్క ఒక మెషిన్‌తో చాలాకాలం కాపురం చేసి వచ్చింది. దాని అరుగుడు, దాని వంపు, దాని మీద ఎవరో ఆకురాయితో రాకిన గుర్తు, అన్నీ ఆ ఇంటి గొడవలు. అవన్నీ కొత్తముక్కలోకి ఎక్కించడానికి మనకు ఏమంత తొందర?

ఇంకొన్ని మాటలు కూడా ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత గుర్తుండవు. మెషిన్ తిరుగుతుండగా కొలిచేవాడు ధైర్యవంతుడు కాదు, వేళ్ళు ఎక్కువై అలా చేస్తాడు. పొడుగు చేతుల చొక్కా పెళ్ళికి వేసుకోండి. "ఇప్పుడే కావాలి" అన్న కస్టమర్ సాయంత్రం దాకా రాడు, "మెల్లగ జెయ్యన్న" అన్నవాడు గుమ్మంలోంచి కదలడు. ఇక ఉస్తాద్ నాకిచ్చిన ఆస్తి ఒకటుంది: అమరడం లేదని కస్టమర్ వస్తువును కోయొద్దు. కోసేదేదో నీ ముక్కలో కోసుకో. నీది పోతే ఇంకోటి చేస్తావు, వాళ్ళది పోతే ఏం చేస్తావు?

నేను ఆ మాట తప్పలేదు. తప్పింది ఇంకోచోట.

తువ్వాలలో వచ్చిన గాజు

సొంత షెడ్డు పెట్టుకున్నాక, చివరి రోజుల్లో, స్రవంతి వచ్చింది. మేడిపల్లిలో ఉంటుంది. పెళ్ళిళ్ళకు వీడియోలు తీస్తుంది. మొదటి మాటకే నన్ను మామా అంది. నాకు అక్కా లేదు, చెల్లెలూ లేదు, అయినా ఆ పిలుపు వద్దనలేదు.

ఆమెతో ఒక పెద్దాయన. సూర్యనారాయణ గారు. గోదావరి వైపు నుంచి వచ్చి మల్కాజిగిరిలో స్థిరపడ్డ మనిషి. ఒక టాకీసులో ప్రొజెక్టర్ ఆపరేటరుగా చేశారు. టాకీసు మూతపడ్డప్పుడు ఓనరు మెషిన్లన్నీ తూకానికి వేసి, ఒక్క లెన్సు మాత్రం ఈయన చేతిలో పెట్టాడట. ఈయన మనవరాలి పెళ్ళి వీడియో తీయడానికి వెళ్ళిన స్రవంతి దాన్ని షోకేసులో చూసి, పెళ్ళికూతుర్ని వదిలేసి దాని చుట్టూ తిరిగింది.

ఆయన తువ్వాలు విప్పారు. లోపల బరువైన గొట్టం. రెండు వైపులా గాజు. పక్కన, పాత ప్రొజెక్టర్‌లో ఇరికించడానికి పెట్టిన చిన్న బొడిపె ఒకటి పొడుచుకుని ఉంది.

"మెల్లగా పట్టుకోండి. మా ఆవిడ దీన్ని సవతి అంటుందండీ" అన్నారు.

"అంత అందంగ లేదు గదన్నా" అన్నాను.

"ఆవిడా అదే అంటుంది."

దాన్ని అనామార్ఫిక్ అటాచ్‌మెంట్ అంటారని స్రవంతి చెప్పింది. టాకీసు వాళ్ళు స్కోప్ లెన్సు అంటారు. వెడల్పాటి సినిమాను ఇరుకైన ఫిలిం మీదికి ఎక్కించాలంటే బొమ్మను అటూ ఇటూ నొక్కి సన్నం చేస్తారు. టాకీసులో ఈ లెన్సు దాన్ని మళ్ళీ వెడల్పు చేసి తెర మీద పరుస్తుంది. ఇదే లెన్సును కెమెరా లెన్సు ముందు పెడితే పని తిరగబడుతుంది. ఎదురుగా ఉన్న లోకాన్ని సన్నగా నొక్కి లోపలికి పంపిస్తుంది. తర్వాత కంప్యూటర్‌లో దాన్ని అంతే సాగదీస్తే వెడల్పాటి సినిమా బొమ్మ.

నేను దాన్ని స్రవంతి కెమెరా ముందు పట్టుకుని, కెమెరా తెరలో చూశాను. తెర మీద స్రవంతి అగరుబత్తిలా ఉంది.

"బిడ్డా, జర నా దిక్కు తిప్పు" అన్నాను.

తిప్పింది. తెర మీద నన్ను చూసుకున్నాను. పెళ్ళినాటి మనిషి నిలబడి ఉన్నాడు. ముగ్గురు దర్జీల కథ ఆమెకు అప్పుడే చెప్పాను. "సూసినవా, ఎవరు అబద్ధమాడుతున్నరో ఇప్పుడు తేలింది" అన్నాను.

పని ఏమిటంటే, కెమెరా లెన్సునూ అటాచ్‌మెంటునూ కలిపి పట్టే రింగు చెయ్యాలి. రెంటికీ ఎక్కడా పొత్తు లేదు. ఒకటి టాకీసుది, ఒకటి జపాను కెమెరాది.

"ఒంటి మీద రంధ్రం మాత్రం పెట్టొద్దండీ. గీత కూడా పడొద్దు" అన్నారు సూర్యనారాయణ గారు.

"ఫికర్ చెయ్యకన్నా. కోసేదంత నా ముక్కనే" అన్నాను. ఉస్తాద్ ఆస్తి అక్కడ పనికొచ్చింది.

మెరుపు మీద మోజు

అల్యూమినియం కడ్డీలోంచి రింగు తీశాను. ఒకవైపు కెమెరా లెన్సు మూతిని పిడికిలిలా పట్టుకునే క్లాంపు. రెండోవైపు అటాచ్‌మెంట్ వెనక భాగం జారి కూర్చునే గుంట. ఆ గుంట అంచున చిన్న గాడి కోశాను. అటాచ్‌మెంట్ బొడిపె ఆ గాడిలో కూర్చుంటే ఇక అటూ ఇటూ కదలదు. ఎందుకంటే ఈ గాజు నిటారుగా నిలబడాలి. ఒక పిసరు పక్కకు తిరిగినా బొమ్మ మెలి తిరుగుతుంది. కెమెరాను చదునైన బల్ల మీద పెట్టి, రసమట్టంతో చూసుకుని, నిటారు ఎక్కడో అక్కడే గాడి కోశాను. లెన్సు మీద పై భాగాన ఒక తెల్ల చుక్క ఉంటుంది. మళ్ళీ బిగించేటప్పుడు తెలియడానికి ఆ చుక్కకు ఎదురుగా రింగు మీద ఒక గీత గీశాను.

లేత్ పనివాడికి ఒక జబ్బుంటుంది. లోపలా బయటా అద్దంలా మెరిసేదాకా తృప్తి ఉండదు. నేనూ ఎమిరీ కాగితం పెట్టి రింగు లోపల ముఖం చూసుకునేటట్టు చేశాను.

స్రవంతి కెమెరా పెట్టి చూసి, "మామా, అంత పొగలాగున్నదేంది?" అంది.

"పొగేంది? మెరుపు సూడు."

"గదే మామా. గీ మెరుపంత బొమ్మల పడుతున్నది. లోపల ఎవరు సూస్తరు, గింత మేకప్ ఎందుకు ఏసినవ్?"

వెలుతురు ఆ అద్దపు గోడకు తగిలి చెల్లాచెదురై బొమ్మ మీద పాలు పోసినట్టు పరుచుకుంటోంది. నా చేతులారా చేసిన మెరుపును నా చేతులారా చెడగొట్టాను. లోపల సన్నగా మరలు కోసి, గరుకు చేసి, మెరుపు లేని నల్ల రంగు పూశాను. పొగ పోయింది. ఆ రింగు ఆమె పాత కెమెరాకు బాగా పనిచేసింది. రెండు మూడు పెళ్ళిళ్ళలో సరదాకు కొన్ని షాట్లు తీసి నాకు చూపించింది. నేను ఆ రింగు గురించి నాచారంలో టీ తాగే ప్రతివాడికీ చెప్పాను.

ఇక్కడే జాగ్రత్తపడాల్సింది. మనిషి తన పని గురించి టీకొట్టులో ఎక్కువ మాట్లాడటం మొదలుపెట్టాడంటే, ఆ పనిని ఇక మళ్ళీ కొలవడు.

కొత్త కెమెరా

కొన్ని నెలలకు స్రవంతి మళ్ళీ వచ్చింది. ముఖంలో వెలుగూ ఉంది, బెదురూ ఉంది.

చిన్న సినిమా ఒకటి మొదలవుతోంది. డైరెక్టర్ కుర్రాడు ఆమె తీసిన షాట్లు ఎక్కడో చూసి పిలిచాడు. అతనికి బొమ్మ వెడల్పుగానే కావాలి. అటువంటి లెన్సులు అద్దెకు తెచ్చే స్తోమత లేదు. ఇంకో కెమెరామన్ కూడా వరసలో ఉన్నాడు. అతని దగ్గర సొంత లెన్సులున్నాయి. "ఆదివారం పొద్దున ఉప్పల్ మెట్రో కింద ఒక నిమిషం తీసి చూపించు. బాగుంటే నువ్వే, లేకపోతే ఆయన" అన్నాడట డైరెక్టర్.

"పెళ్ళి వీడియోలు తీసేదానికి మళ్ళొకపారి ఎవరు అడుగుతరు మామా? గిదొక్కటే" అంది.

చిక్కేమిటంటే ఆమె కెమెరా మార్చింది. పాతది ఒక పెళ్ళి బారాత్‌లో కిందపడి, అప్పటినుంచీ అంతంతమాత్రంగా పనిచేస్తుండేది. కొత్త కెమెరా, దానికి కొత్త లెన్సు. లెన్సు మూతి లావు వేరు. పాత రింగు పట్టదు.

"ఇదెంత పని. పాత రింగు ఉంది గద, సాంపిల్ పెట్టుకొని కొట్టేస్త. లెన్సు ఇచ్చి పో" అన్నాను.

"సాయంత్రం పెళ్ళి అయినంక కెమెరా గూడ తెస్త. పెట్టి సూసుకుందాం."

"రింగుకు కెమెరా మొఖం సూపియ్యాల్నా? పెళ్ళిచూపులా?"

నవ్వింది. కానీ వెళ్ళలేదు. "ఇంకొకటి మామా. ఈసారి గాడి ఎందుకు? జర తిరిగేటట్టు పెట్టు. నేను కెమెరాల సూసుకొని బిగించుకుంట."

నాకు చురుక్కుమంది. "తిరిగేటట్టు పెట్టేటోడు పని రానోడు బిడ్డా. నా చేతి నుంచి బయటికి పోయింది ఊగది."

పాత రింగును బల్ల మీద పెట్టుకున్నాను. గీతకూ గాడికీ మధ్య దూరం ఎంతుందో కొత్త రింగులోకి అంతే దించాను. లోపల ఈసారి మెరుపు లేదు, ముందే గరుకు చేసి నలుపు పూశాను. గర్వంగా ఆమెకిచ్చి పంపాను.

మెట్రో పిల్లర్ వంగింది

శుక్రవారం ఫోను.

"మామా, పిల్లర్ వంగుతున్నది."

"ఏ పిల్లర్?"

"మెట్రో పిల్లర్. బొమ్మల వంగుతున్నది. కెమెరా జర తిప్పితే పిల్లర్ నిలబడుతున్నది, మీది బీము ఏటవాలయితున్నది. బీము సరిచేస్తే పిల్లర్ వంగుతున్నది. రెండు ఒక్కపారి సక్కగ వస్తలేవు."

"స్టాండ్ సరిగ్గ పెట్టినవా?"

"పెట్టిన."

"కెమెరా కొత్తది గద, దాంట్లనే ఏమన్న..."

"అటాచ్‌మెంట్ తీస్తే మంచిగున్నది మామా."

"మరి పిల్లరే వంకరగ కట్టిన్రేమో!"

"మామా, ఆ పిల్లర్ల మీద పొద్దున్నుంచి రైళ్ళు పోతున్నయి. నీ రింగు మీద ఒక్క బొమ్మ నిలవడ్తలేదు" అంది. గొంతు నవ్వుతున్నట్టు లేదు. ఎల్లుండే ఆదివారం.

కెమెరాతో సహా రమ్మన్నాను. రెండు రింగులూ తెమ్మన్నాను. వెనకే సూర్యనారాయణ గారు కూడా ఆటోలో దిగారు. సవతికి ఏమైందోనని.

షెడ్డు షట్టరు సగం దించి, లోపల చీకటి చేశాం. ఆయన ఎదురుగా నిలబడి సెల్లు లైటు వెలిగించారు. ఈ గాజులో దీపం చూస్తే ఒక నీలిగీత అడ్డంగా బొమ్మ ఈ చివర నుంచి ఆ చివరకు సాగుతుంది. లెన్సు నిటారుగా ఉంటే ఆ గీత నేల మీద గీసినట్టు సమంగా ఉండాలి. తెర మీద చూస్తే ఒక చివర లేచి ఉంది. ఎక్కువ కాదు. దండెం ఒకవైపు కొంచెం బిగించి కట్టినట్టు.

"మా టాకీసులో ఇంత వంపుంటే జనం కుర్చీలు విరగ్గొట్టేవారండీ" అన్నారు సూర్యనారాయణ గారు, లైటు పట్టుకుని కదలకుండా.

నేను కొత్త రింగును కొలిచాను. పాతదాన్ని కొలిచాను. గీత నుంచి గాడి దాకా రెండూ ఒకటే. నా పనిలో తప్పు లేదు. నాకు కోపమొచ్చింది. తప్పు దొరకనప్పుడు పనివాడికి వచ్చే కోపమంత పనికిమాలినది ఇంకోటి లేదు.

"పాత కెమెరా ఉన్నదా?" అన్నాను.

"సంచిలనే ఉన్నది. ఇంక అమ్మలె."

బయటికి తీసింది. దాని పాత లెన్సు పెట్టి పట్టుకుని చూశాను. లెన్సు మీది తెల్లచుక్క సరిగ్గా నడినెత్తిన లేదు. ఒక పిసరు పక్కకుంది. చేత్తో తిప్పితే లెన్సు కొంచెం ఆడింది కూడా.

"ఇదెప్పటిసంది ఇట్లున్నది?"

"బారాత్‌ల పడ్డప్పటిసంది. నీ కాడికి రాకముందే."

అప్పుడు నాకు గిర్ని చప్పుడు వినబడింది.

పాత కెమెరాలో లెన్సే వంకరగా కూర్చుంది. నేను మొదటిసారి కెమెరాను ఎదురుగా పెట్టుకుని, రసమట్టంతో చూసి, నిటారుగా ఉన్నచోట గాడి కోశాను. అంటే చుక్కకు ఎదురుగా గీసిన గీత లెన్సుతోపాటు పక్కకు పోయింది, ఆ లెన్సు వంకరను ఆ గాడి సరిచేసింది. ఆ రింగు ఆ కెమెరాకు మాత్రమే సరైనది. ఒక కాలు పొట్టిగా ఉన్నవాడికి మడమ ఎత్తు పెట్టి కుట్టిన చెప్పు అది. దాన్నే కొలత పెట్టుకుని రెండు కాళ్ళూ సరిగ్గా ఉన్నవాడికి చెప్పు కుట్టాను. వాడు కుంటుతాడా, కుంటడా?

ఖాదర్ ఉస్తాద్ చెప్పిన మాట నేను మరిచిపోలేదు. ఎవరు సాంపిల్ తెచ్చినా, మెషిన్ ఏదని అడిగే పంపేవాణ్ణి. కానీ ఈ సాంపిల్ తెచ్చింది నేనే. లోకంలో అందరి ముక్కలనూ అనుమానించాను గానీ నా ముక్కను అనుమానించడం నాకు తోచలేదు. ఆ అమ్మాయి మెషిన్ తెస్తానంటే పెళ్ళిచూపులా అని జోకు వేశాను. జోకు వేసినప్పుడల్లా నేను ఏదో ఒకదాని నుంచి తప్పించుకుంటున్నానని మా ఆవిడ అంటుంది. ఆమె లేత్ పని నేర్చుకుని ఉంటే నాకు అన్నం దొరికేది కాదు.

రెండు స్క్రూలు

కొత్త రింగు మొదటినుంచీ చెయ్యడానికి ఆ లావు కడ్డీ నా దగ్గర లేదు. గాడిని పక్కకు జరిపి కోద్దామా అంటే, ఎంత జరపాలో మళ్ళీ నేనే ఊహించాలి. ఒకసారి ఊహించిన ఫలితం బల్ల మీదే ఉంది.

స్రవంతి స్టూలు మీద కూర్చుని రెండు రింగులనూ చూస్తోంది. నేను చెప్పాను గద మామా అని ఒక్కమాట అని ఉంటే నాకు తేలికయ్యేది. అనలేదు.

లేత్ వైపు చూశాను. దానికి ఒక చివర టెయిల్‌స్టాక్ అని ఒకటుంటుంది. పొడుగు కడ్డీ కొస ఊగకుండా పట్టుకునే భాగం. అది పక్కకు జరిగితే సరిచేయడానికి అటు ఒక స్క్రూ, ఇటు ఒక స్క్రూ ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి వదులు చేసి రెండోది బిగిస్తే వెంట్రుకవాసి జరుగుతుంది. రెండూ బిగిస్తే కదలదు. బతుకంతా రోజూ తిప్పిన స్క్రూలు. ఊగేది పెట్టనన్న పెద్దమనిషి మెషిన్‌లోనే ఊగేది ఉంది.

గాడిని రెండువైపులా వెడల్పు చేశాను. అటొక మర, ఇటొక మర కోసి రెండు చిన్న స్క్రూలు పెట్టాను. బొడిపెకు గీత పడకుండా స్క్రూల మొనకు మెత్తటి నైలాన్ ముక్కలు తొడిగాను. సూర్యనారాయణ గారు వంగి చూసి, "మీ ఆవిడ విషయంలో కూడా ఇంత జాగ్రత్త తీసుకోరేమోనండీ" అన్నారు.

కెమెరాకు రింగు ఎక్కించాం. ఆయన లైటు పట్టుకున్నారు. నేను స్క్రూడ్రైవర్ తీసుకున్నాను. అంతలోనే ఆగి, దాన్ని స్రవంతి చేతిలో పెట్టాను.

"నువ్వే తిప్పు. సూసేది నువ్వు."

తెర మీద కన్ను పెట్టి, ఒకటి వదులు చేస్తూ ఇంకోటి బిగిస్తూ పోయింది. నీలిగీత మెల్లగా దిగింది. కిందికి పోయింది. మళ్ళీ లేచింది. ఒకచోట ఆగింది. నా కంటికి ఇంకొంచెం అనిపించింది. నోరు మూసుకున్నాను. ఆమె రెండూ బిగించింది.

పిల్లలూ, ఇది రాసుకోండి. కొన్ని కొలతలు చేసేవాడివి. కొన్ని వాడేవాడివి. వాడేవాడి కొలతను నువ్వు గాడి కోసి బిగించేస్తే అది నైపుణ్యం కాదు, పెత్తనం. వాళ్ళకు రెండు స్క్రూలు వదిలెయ్యి. స్క్రూలు గట్టిగా చెయ్యి, అది నీ పని. ఎక్కడ ఆపాలో వాళ్ళ పని.

ఆదివారం

పొద్దున్నే స్రవంతి, సూర్యనారాయణ గారు, నేను ఉప్పల్ మెట్రో కింద నిలబడ్డాం. బస్సులు, ఆటోలు, అరటిపళ్ళ బండ్లు. డైరెక్టర్ కుర్రాడు లాప్‌టాప్ సంచితో వచ్చాడు. గడ్డం ఎక్కువ, మాట తక్కువ. నటిస్తానన్న స్రవంతి స్నేహితురాలు ఫోను ఎత్తలేదు.

"మామా, నువ్వు నడువు" అంది స్రవంతి.

"నేనా? ఏం వేషం?"

"ఏ వేషం లేదు. పిల్లర్ ఎనకనుంచి వచ్చి, అరటిపండ్లు కొనుక్కొని, ఇటు నడిచి రా."

ఆ పని నాకు బాగా వచ్చు. నడిచాను. అరటిపళ్ళు కొన్నాను. అలవాటు కొద్దీ బండివాడితో బేరం కూడా ఆడాను. దాంతో నిమిషం కాస్తా ఎక్కువైంది. కెమెరా వెనక చేరి తెర చూస్తే మళ్ళీ పెళ్ళినాటి మనిషి. సన్నగా, పొడుగ్గా, చేతిలో అరటిపళ్ళతో. హృదయం నిండిపోయింది.

డైరెక్టర్ దాన్ని లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఎంత నొక్కిందో అంత సాగదీశాడు. ఒక్కసారిగా ఉప్పల్ చౌరస్తా అటు చివర నుంచి ఇటు చివర దాకా పరుచుకుంది. అతను నా వైపు చూడలేదు, అరటిపళ్ళ వైపూ చూడలేదు. తెర అంచుకు ఒక కాగితం ఆనించి పిల్లర్ పక్కన పెట్టాడు. తర్వాత కాగితాన్ని తిప్పి బీముకు ఆనించాడు. స్రవంతి చేతులు రెండూ చున్నీలో మెలితిప్పుకుని నిలబడింది. నా చేతిలో అరటిపళ్ళున్నాయి గాని తినాలనిపించలేదు. అది నాకు అరుదు.

మళ్ళీ మొదటినుంచి చూశాడు. లాప్‌టాప్ మూశాడు.

"లొకేషన్లు చూడటానికి రేపు వస్తావా అక్కా?" అన్నాడు.

ఆమె తల ఊపింది. సూర్యనారాయణ గారు పక్కకు తిరిగి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. సవతిని చుట్టి తెచ్చిన తువ్వాలే.

అతను వెళ్ళాక నేను లాప్‌టాప్‌లో చూసింది గుర్తొచ్చి నొచ్చుకున్నాను. పిల్లర్ నిటారుగా ఉంది, బీము సమంగా ఉంది, మధ్యలో నేను మాత్రం ఫ్రేము సగం ఆక్రమించి నడుస్తున్నాను.

"అంత బాగనే ఉన్నది గని బిడ్డా, ఆ పిలగాని కంప్యూటర్ నన్ను జర ఎక్కువ సాగదీసింది" అన్నాను.

స్రవంతి రింగు విప్పుతూ తలెత్తలేదు.

"పిల్లర్ ఉన్నట్టే ఉన్నది, బీము ఉన్నట్టే ఉన్నది మామా. ఇగ నువ్వు గూడ ఉన్నంతనే ఉన్నవ్. పో, పోయి ఆ ముగ్గురు దర్జీలను మాఫీ అడుగు."